గురువుగారు రోడ్డు దాటిన వేళ

సముద్రాలు దాటినవాళ్ల మీద పురాణాలున్నాయి. నదులు దాటి రాజ్యాలు గెలిచినవాళ్ల మీద చరిత్ర పుస్తకాలున్నాయి. అవి చదివి పరీక్షలు గట్టెక్కినవాళ్లూ ఉన్నారు, ఎక్కనివాళ్లూ ఉన్నారు. కానీ ఒక మామూలు బజారులో ఒక బట్టతల పెద్దమనిషి తలమీద తడి తువ్వాలు వేసుకుని, అటూ ఇటూ చూసి, సైకిలువాడెవడో గంట కొడితే ఆగి, వాణ్ణి నాలుగు తిట్టి, మళ్లీ కదిలి, ఇవతలి అంచు నుంచి అవతలి అంచుకు రోడ్డు దాటిన మహత్తర ఘట్టం గురించి మాత్రం ఇంతవరకు ఎవరూ ఒక్క ముక్క రాయలేదు. చరిత్రకారులకు రాజులంటే ఉన్న మోజు పెయింటర్లంటే లేకపోవడం ఒక్కటే దీనికి కారణం.

ఆ దాటిన మనిషిని బజారంతా గురువుగారనే పిలిచేది. ఆయన ఏ బడిలోనూ పాఠం చెప్పినవాడు కాదు. షాపులకు బోర్డులు రాసేవాడు. రేకు మీద, చెక్క మీద, గోడ మీద, బతిమాలితే తోపుడుబండి మీద. ఆయన షాపు రైలుపెట్టెలా పొడుగ్గా ఉండే ఒకే ఒక్క గది. అడుగు పెట్టగానే టర్పెంటైన్ వాసన ముక్కు పట్టుకునేది. ఏళ్ల తరబడి కుంచెలు తుడిచీ తుడిచీ ఒక గోడకి మందపాటి రంగుల తొక్క కట్టింది. కొత్తగా వచ్చినవాళ్లు అదేదో పెద్ద చిత్రం అనుకుని కాసేపు గౌరవంగా చూసి, అర్థం కాక నోరు మూసుకునేవాళ్లు. ఊళ్లో సగం షాపులకు బోర్డులు రాసిన ఆ షాపుకి మాత్రం బోర్డు లేదు. "దీపం కింద చీకటంటే ఇదే," అని ఎదురుగా ఉన్న సెలూన్ ఆయన దెప్పినప్పుడల్లా గురువుగారు, "రాద్దాంలేవయ్యా, తొందరేముంది," అనేవారు. ఆ తొందర ఆయన జీవితంలో రాలేదు.

షాపు ముందు ఒక అరుగు. రాయడం అయిపోయిన బోర్డుని తెచ్చి ఆ అరుగు మీద గోడకి ఆనించి నిలబెట్టడం అక్కడి పద్ధతి. అప్పుడు గురువుగారు వచ్చి చూసేవారు. ఆ చూడడంలో రెండు రకాలుండేవి. ఒకటి, గుమ్మంలోంచి మెడ చాపి చూసి, "బాగుంది, పంపించెయ్," అనడం. రెండోది, ఏమీ అనకుండా తువ్వాలు తడిపి తలమీద వేసుకుని, మెట్లు దిగి, రోడ్డు దాటి, సెలూన్ ముందున్న లైటు స్తంభం పక్కన నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, చాలాసేపు చూడడం.

గురువుగారు నోరు తెరిచి ఎవర్నీ పొగిడిన దాఖలా లేదు. పొగడ్త దొరకని చోట మనిషి దాన్ని వెతుక్కుంటాడు. అలా వెతుక్కున్న శిష్యులకి ఈ రోడ్డు దొరికింది. మామూలు బోర్డుకి గుమ్మం చాలు. అసలైన బోర్డుకే గురువుగారు రోడ్డు దాటతారు. ఎందుకంటే, బోర్డు అనేది దూరం నుంచి చూడాల్సిన వస్తువు. దూరం నుంచి చూసే యోగ్యత దేనికి ఉందో దానికోసమే ఆయన దూరం వెళతారు. ఇందులో తర్కం ఎంత గట్టిదంటే, దాన్ని ఎవరూ గురువుగారితో చెప్పి ఖరారు చేసుకోవాల్సిన అవసరం కూడా లేకపోయింది.

ఒక్కోరోజు కొత్త బోర్డు ఏదీ లేకపోయినా ఆయన వెళ్లి ఆ స్తంభం దగ్గర నిలబడేవారు. శిష్యులు దాన్ని ధ్యానం అన్నారు. ఆ షాపుకీ సెలూన్‌కీ ఉమ్మడి ఆస్తిగా ఒక కుక్క ఉండేది. గురువుగారు దాటితే అదీ లేచి, ఒళ్లు విరుచుకుని, వెనకే దాటి ఆయన కాళ్ల దగ్గర పడుకునేది. దాన్ని గురుభక్తి అన్నారు.

ఈ వ్యవస్థలోకి ఒక పొద్దున ఒక బస్సు కండక్టరు తన కొడుకుని చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. కుర్రాడికి మీసాలు వచ్చి, పరీక్ష తప్పి, మళ్లీ రాసి, మళ్లీ తప్పి, ఇంట్లో కుర్చీకి కూడా భారంగా తయారైన దశ.

"వీడి చెయ్యి ఊరికే ఉండకుండా చూడండి చాలు," అన్నాడు తండ్రి. "బుర్ర సంగతి నేను వదిలేశాను."

గురువుగారు కుర్రాణ్ణి కిందనుంచి పైకి చూసి, ఒక పాత రేకు, ఒక కుంచె ఇచ్చారు. "సున్నాలు రాయి."

"ఎన్నండీ?"

"గుండ్రంగా వచ్చేదాకా."

చదువులో వచ్చిన సున్నాలు ఇంత త్వరగా అక్కరకొస్తాయని తండ్రీ కొడుకులిద్దరూ అనుకోలేదు.

మన కథానాయకుడికి ఒక పేరు ఉండేది. ఇంట్లోవాళ్లకి గుర్తుండే ఉంటుంది. షాపులో చేరిన వారానికే ఆ పేరు పోయి 'నత్త' మిగిలింది. ఒక గీత గీయడానికి ముందు కుంచె కడిగేవాడు. కడిగి తుడిచేవాడు. తుడిచి, వెలుతురుకి పట్టి, ఒక వెంట్రుక వంకరగా ఉందేమోనని చూసేవాడు. తిన్నగా గీత రావడానికి సుద్ద పట్టించిన దారాన్ని బిగించి లాగి వదులుతారు. మిగతావాళ్లకి ఒకసారి వదిలితే సరిపోయేది, నత్తకి మాత్రం ఆ దారం మీద నమ్మకం కుదరడానికి చాలాసార్లు పట్టేది.

దీనికి సరిగ్గా వ్యతిరేకం, అతని పక్క బల్ల మీద పనిచేసే మెయిలు. మెయిలు అన్నది కూడా కన్నవాళ్లు పెట్టింది కాదు. మెయిలు రైలు చిన్న స్టేషన్లలో ఆగదు కదా, అలాగే అతని కుంచె అక్షరానికీ అక్షరానికీ మధ్య ఆగేది కాదు. సుద్ద దారం ముట్టుకునేవాడు కాదు. ఈల వేస్తూ మొదలుపెట్టి, ఈల అయిపోయేసరికి బోర్డు అయిపోగొట్టేవాడు. అక్షరాలు అప్పుడే పెళ్లికి ముస్తాబైనట్టు ఉండేవి. భోజనాల వేళకి అతని పని ఎప్పుడూ అరుగెక్కి ఉండేది. షాపుకొచ్చే పదిమందిలో తొమ్మిదిమంది, "ఆ ఈల వేసే అబ్బాయి చేత రాయించండి," అని అడిగేవాళ్లు. పదోవాడికి తొందర లేక నత్తకి దొరికేవాడు.

"ఒరేయ్ నత్తా," అనేవాడు మెయిలు, "ఆ కిళ్ళీకొట్టు పెట్టిందే మొన్న. నువ్వు బోర్డు ఇచ్చేసరికి వాడి మనవడు వచ్చి పట్టుకెళ్లాలా?"

"మనవడికైనా తిన్నగా ఉన్న బోర్డే కదా కావాలి."

"మనవడికి పిల్లనివ్వాలి ముందు. నీ బోర్డు వల్ల వ్యాపారం లేక వాడికి సంబంధాలు తప్పిపోతున్నాయి."

నత్త నవ్వేవాడు. కానీ ఇంటికెళ్లేదారిలో నవ్వు నిలిచేది కాదు. సున్నాలు గుండ్రంగా వస్తున్నాయి, అక్షరాలు కుదురుగా వస్తున్నాయి. అయినా తను ఇక్కడ పనికొస్తాడా రాడా అన్నది ఎవరూ చెప్పరు. చెప్పాల్సిన ఒక్క మనిషి ఏమీ చెప్పడు. ఇంతలో బాబాయి నీళ్ల పంపుల ఆఫీసులో అటెండరు ఉద్యోగం ఒకటి కుదిర్చి, వచ్చే సోమవారం చేరిపొమ్మన్నాడు. కుర్చీ, బల్ల, ఫ్యాను, అవతల పింఛను. నత్త సరేనన్నాడు. చేతిలో ఉన్న బోర్డు ఒక్కటి పూర్తిచేసి, గురువుగారికి దణ్ణం పెట్టి వెళ్లిపోదామనుకున్నాడు.

అది గొడుగులు బాగుచేసే ఆయన బోర్డు. పొద్దున మొదలుపెట్టాడు. చివరి పని కదా అని, ఎన్నడూ లేనంత నిదానంగా రాశాడు. మెయిలు తన బోర్డు ముగించి, భోంచేసి, ఒక కునుకు తీసి లేచాడు. ఎండ గుమ్మం దాటి లోపల రంగు డబ్బాల దాకా పాకింది. అప్పటికి నత్త బోర్డు మీద చివరి చుక్క పెట్టి, దాన్ని అరుగు మీదకు తెచ్చి నిలబెట్టాడు. పక్కన నిలబడి "బాగుంది, పంపించెయ్" కోసం ఎదురుచూశాడు.

గురువుగారు లోపల్నుంచి లేచారు. నెత్తి చేత్తో రుద్దుకున్నారు. తువ్వాలు కుండలో ముంచి పిండి తలమీద వేసుకున్నారు. మెట్లు దిగారు.

షాపులో ఎవరి కుంచె అక్కడే ఆగిపోయింది. మెయిలు కుంచెలోంచి ఎర్ర రంగు బొట్టు బొట్టుగా అతని చెప్పుమీద పడుతోంది, అతనికి తెలియలేదు. గురువుగారు రోడ్డు మధ్యలో ఒక రిక్షా కోసం ఆగారు. దాటారు. స్తంభం దగ్గర నిలబడ్డారు. నడుం మీద చెయ్యి వేశారు. కుక్క వెళ్లి కాళ్ల దగ్గర పడుకుంది. గొడుగుల బోర్డు పడమటి ఎండలో ధగధగా మెరుస్తుంటే గురువుగారు దానివైపు చూస్తూ ఉండిపోయారు. ఎంతసేపంటే, బోర్డు కోసం వచ్చిన గొడుగుల ఆయన కూడా ఏదో క్రతువు జరుగుతోందనుకుని చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

తిరిగొచ్చాక గురువుగారు నత్తతో ఒకే ఒక్క మాట అన్నారు.

"రేపు పెందలాడే రా."

ఆ రాత్రి అన్నం ముందు కూర్చుని కొడుకు, "నాన్నా, నేను రేపు పెందలాడే వెళ్లాలి, గురువుగారు రమ్మన్నారు," అన్నప్పుడు కండక్టరుకి ఏమీ అర్థం కాలేదు. ఏళ్ల తరబడి పొద్దెక్కేదాకా ముసుగు తన్నినవాడి నోట ఆ మాట విని భార్యవైపు చూశాడు. ఆవిడ దేవుడివైపు చూసింది. నీళ్ల పంపుల ఆఫీసు ఉద్యోగం బాబాయిగారి తోడల్లుడి కొడుక్కి పోయింది. అతను చివరిదాకా ఫ్యాను కింద కూర్చుని, పింఛను తీసుకుని, సుఖంగా ఉన్నాడని వినికిడి.

అప్పట్నుంచి నత్తని ఎవరూ తోయాల్సిన పని లేకపోయింది. ఎవడైనా ఎందుకు పనిచేస్తాడు, ఎందుకు నేర్చుకుంటాడు అన్నదానిమీద పండితులు చాలా లావు పుస్తకాలు రాశారు. నత్త వాటిని చదవలేదు. అతనికి ఒక రోడ్డు, దాని అవతల ఒక స్తంభం ఉన్నాయి, చాలు. ఆ తర్వాత అతని బోర్డులకి గురువుగారు చాలాసార్లు దాటారు. మందుల షాపుకి దాటారు. కళ్లజోళ్ల షాపుకి దాటారు. ప్రతిసారీ నత్త గుండె మొదటిసారిలాగే కొట్టుకునేది. జీతం పెంచినరోజు కూడా అంతలా కొట్టుకోలేదు.

మెయిలుకి మాత్రం ఒక్కసారీ దాటలేదు.

మొదట్లో మెయిలు నవ్వేశాడు. తర్వాత నవ్వినట్టు నటించాడు. తర్వాత ఒకరోజు, ఇద్దరూ కుంచెలు కడుగుతుంటే, నత్త చెవిలో, "నేనూ నీలాగే నిదానంగా రాసి చూశానురా," అన్నాడు. "నావల్ల కాలేదు. నిదానిస్తే నా చెయ్యి వణుకుతుంది. గీత చచ్చిపోతుంది."

"నీ గీత ముందు నాదెంతరా."

"ఆ మాట నువ్వంటే ఏం లాభం."

అందులో నిజం ఉంది కాబట్టి నత్త మళ్లీ కుంచె కడగడంలో పడ్డాడు.

వాద్యాల షాపు బోర్డు ఆ ఏడే వచ్చింది. బజారులో అంత పెద్ద బోర్డు అంతకుముందు ఎవరూ రాయించలేదు. మెయిలు దాన్ని తనే అడిగి తీసుకున్నాడు. పెందలాడే వచ్చాడు, ఈల వెయ్యలేదు. అక్షరాలు ఒకదానివెనక ఒకటి తీగ లాగినట్టు సాగిపోయాయి. చివరి అక్షరం తోక దగ్గర అతని కుంచె చిన్న విసురు ఒకటి విసిరితే, చూసేవాళ్లకి ఏదో మోగినట్టే అనిపించింది. భోజనాలకి ముందే బోర్డు అరుగెక్కింది. దారినపోయేవాళ్లు ఆగారు. సెలూన్ ఆయన సగం గడ్డం గీసిన మనిషిని కుర్చీలో వదిలేసి పరిగెత్తుకొచ్చాడు. సగం గడ్డం ఆయన కూడా సబ్బు నురగతోనే వచ్చి, "అబ్బ!" అన్నాడు.

గురువుగారు గుమ్మంలో నిలబడి చూశారు. చాలాసేపే చూశారు.

"బాగుంది. పంపించెయ్."

మెయిలు మొహంలో రక్తం లేదు. "గురువుగారూ," అన్నాడు, "ఒక్కసారి అవతలి నుంచి చూడండి."

గురువుగారు రోడ్డు వైపు చూసి, కళ్లు చిట్లించి, మళ్లీ బోర్డు వైపు చూశారు. "ఇక్కణ్ణించి కనపడుతోందిగా, నాయనా," అన్నారు.

మెయిలు వెనక్కి తిరిగాడు. లోపలికెళ్లి తన కుంచెలన్నీ ఎన్నడూ లేనంత శుభ్రంగా కడిగాడు. వాటిని వరసగా బల్లమీద పెట్టాడు. నత్త భుజం మీద చెయ్యేసి ఒకసారి నొక్కి, వెళ్లిపోయాడు. ఊరికి ఆ చివర సొంత షాపు పెట్టుకున్నాడని తర్వాత తెలిసింది.

మెయిలు వెళ్లిపోయాక సిద్ధాంతం మరింత బలపడింది. వేగంగా రాసినవాడికి గుమ్మం, నిదానంగా రాసినవాడికి రోడ్డు. కళ్లముందు రుజువుంది. దాంతో శిష్యులందరూ నత్తలైపోయారు. గంటలో అయ్యే పనిని పూటకి సాగదీసేవాళ్లు, పూట పనిని పొద్దు వాలేదాకా. "మీ అందరికీ ఏం రోగం వచ్చిందిరా?" అని గురువుగారు జుట్టు పీక్కుందామంటే అదీ లేదు. "పొద్దున ఎత్తిన కుంచె సాయంత్రానికిగానీ దించరేం?" శిష్యులు ఒకర్నొకరు చూసుకుని ముసిముసిగా నవ్వుకునేవాళ్లు. గురువు పరీక్షిస్తున్నాడు, అంతే.

నడుమ ఒక చిన్న చిక్కు వచ్చింది. కొత్తగా చేరిన ఒకడు, బోర్డు మొదట్లో ఉత్సాహంగా పెద్ద పెద్ద అక్షరాలు వేసి, సగానికి వచ్చేసరికి చోటు చాలక, చివరి అక్షరాల్ని బస్సులో నిలబడ్డవాళ్లలా ఒకదాని మీద ఒకటి ఇరికించాడు. బోర్డు రాసేవాడు చెయ్యకూడని మొదటి తప్పు అది. దాన్ని సాయంత్రం పూట అరుగు మీద పెడితే, గురువుగారు దానికీ రోడ్డు దాటి అవతలినుంచి తిట్టారు. శిష్యులు ఒకరోజంతా కలతపడ్డారు. మర్నాటికి నత్తే సమాధానం కనిపెట్టాడు: గొప్పదాన్నీ దూరం నుంచే చూడాలి, ఘోరాన్నీ దూరం నుంచే చూడాలి. మామూలుదే దగ్గర్నుంచి చూసేది. అందరూ ఒప్పుకున్నారు. సిద్ధాంతం అన్నాక ఆ మాత్రం సాగే గుణం ఉండాలిగా.

ఇంత గందరగోళంలోనూ ఒక సంగతి నిజం. ఆ షాపు బోర్డులు ఊళ్లో అన్నింటికంటే బాగుండేవి. సాగదీసిన గంటల్లో ఏదో ఒకటి చెయ్యాలి కాబట్టి శిష్యులు ఒకటికి పదిసార్లు సరిచూసుకునేవాళ్లు. చూడగా చూడగా కన్ను పదునెక్కింది, రాయగా రాయగా చెయ్యి కుదిరింది. వాన కొట్టినా ఎండ కాసినా ఆ అక్షరాలు పెచ్చులూడేవి కావు.

గురువుగారు పెద్దవారై, షాపు నత్త చేతికిచ్చి, ఇంటిపట్టున ఉండిపోయారు. నత్త వెళ్లి చూసొచ్చేవాడు. ఏ లెక్కన దాటేవారండీ అని అడగాలని ప్రతిసారీ నోటిదాకా వచ్చేది. అడగలేదు. వరం ఇచ్చినవాణ్ణి ఏ కొలతల మీద ఇచ్చావయ్యా అని ఎవరడుగుతారు? గురువుగారు పోయిన రోజున సెలూన్ మూసేశారు. కుక్క అంతకు చాలా ముందే పోయింది.

నత్త గురువయ్యాడు. పెళ్లయింది, కూతురు పుట్టింది, కళ్లజోడు వచ్చింది. శిష్యుల బోర్డులకి తనూ దాటేవాడు. కానీ అల్లాటప్పాగా కాదు. ముందు దగ్గర్నుంచి ప్రతి అక్షరం చూసి, అంతరాత్మని అడిగి, అది సరేనంటేనే దాటేవాడు. ఒక్కసారి కూడా మొహమాటానికి దాటలేదు. ఇంట్లో మాత్రం ఈ మహత్తు మీద గౌరవం తక్కువ.

"పెళ్లయి ఇన్నేళ్లయింది," అనేది భార్య, వంటగదిలోంచే. "నేను వండింది తిని ఒక్కసారైనా రోడ్డు దాటారా?"

"నీ వంటకి ఊరే దాటాలోయ్."

"పారిపోవాలనేగా? సరే, ఎలాగూ దాటతారు కాబట్టి వచ్చేటప్పుడు అవతలి కొట్లో పాలప్యాకెట్టు తెండి."

తర్వాత మిషన్లు వచ్చాయి. ప్లాస్టిక్ గుడ్డ మీద రంగురంగుల బోర్డు గంటలో అచ్చయి చేతికొచ్చేది. ఊళ్లో వాటిని మొదట తెచ్చినవాడు మెయిలే. వేగం ఎక్కడుంటే అతను అక్కడుండాలి కదా. శిష్యులు ఒక్కొక్కరే వెళ్లిపోయారు. కొందరు మెయిలు దగ్గరే చేరారు. నత్త ఎవర్నీ ఏమీ అనలేదు. ఇళ్ల గేట్లకి పేరు పలకలు, లారీల వెనక అంకెలు, బడి గోడల మీద సూక్తులు రాసుకుంటూ షాపు తెరిచే ఉంచాడు. గోడమీద రంగుల తొక్క ఇంకా మందమైంది. చూసేవాళ్లే తగ్గారు.

ఇద్దరికీ తలలు పూర్తిగా నెరిశాక, ఒకరోజు ఒక కారు వచ్చి అరుగు ముందు ఆగింది. అందులోంచి మెయిలు దిగాడు. ఒళ్లు చేశాడు, మోకాలు ఈడుస్తున్నాడు. లోపలికొచ్చి, టర్పెంటైన్ వాసన గట్టిగా పీల్చి, తన పాత బల్ల ఉన్నచోట నిలబడ్డాడు.

"వ్యాపారం మావాడికిచ్చేశానురా. ఇంట్లో కూర్చుంటే కోడలు కాఫీ ఇస్తూ జాలిగా చూస్తోంది."

"అదృష్టవంతుడివి. నాకు జాలి కూడా లేదు, పాలప్యాకెట్టే."

మెయిలు నవ్వలేదు. "ఒక్క పని అడగడానికొచ్చాను. కాదనకు."

"చెప్పు."

"ఒక బోర్డు రాస్తాను. చేత్తో. ఇక్కడే. అది నీకు నచ్చితే…" ఆగాడు. అంత పెద్ద మనిషి కుంచెల డబ్బావైపు చూస్తూ అన్నాడు: "నచ్చితే, రోడ్డు దాటు. ఆయన లేరు. ఆ స్థానంలో ఉన్నది నువ్వేగా."

నత్త తమాషాకి మళ్లించబోయి మానుకున్నాడు. "నచ్చకపోతే దాటను. ఆ సంగతి ముందే చెప్తున్నా."

"దాటితే తంతాను. ఉత్తుత్తి దాటుడు నాకొద్దు."

"ఏం రాస్తావు?"

మెయిలు బయటికి చెయ్యి చూపించాడు. "ఈ షాపుకి ఇంకా బోర్డు లేదుగా."

మర్నాడు పెందలాడే వచ్చాడు. అతని చేయి వణుకుతుందేమోనని నత్త భయపడ్డాడు. మొదట వణికింది కూడా. రెండు అక్షరాలు గుడ్డతో తుడిచేశాడు. అప్పుడు ఎక్కణ్ణించో సన్నగా ఈల మొదలైంది. ముసలి ఈల, మధ్యలో గాలి లీకయ్యే ఈల. కుంచె కదిలింది. 'ఇక్కడ బోర్డులు రాయబడును.' అంతే వాక్యం. సుద్ద దారం ముట్టుకోలేదు. ఎండ ఇంకా పూర్తిగా ముదరకముందే బోర్డు అరుగెక్కింది.

నత్త కళ్లజోడు తుడుచుకుని దగ్గరికెళ్లాడు. ఒక్కొక్క అక్షరం చూశాడు. వాద్యాల షాపు బోర్డంత గొప్పది కాదు. అంత గొప్పది మళ్లీ రాదు. ఒకచోట గీత కాస్త లావెక్కింది. కానీ ఆ చివరి తోక దగ్గర పాత విసురు ఉంది. ఆ విసురు కోసం నత్త జీవితమంతా ప్రయత్నించాడు, ఒక్కసారీ రాలేదు. అంతరాత్మని అడిగాడు. అది ఆలోచించను కూడా ఆలోచించలేదు.

నత్త తువ్వాలు కోసం చుట్టూ చూశాడు. తువ్వాలు లేదు, ఆ కుండా లేదు. ఒట్టి తలతోనే మెట్లు దిగాడు. అరుగు కింద పడుకున్న ఇప్పటి కుక్క ఒక కన్ను తెరిచి చూసి, మళ్లీ మూసుకుంది. ఒక మోటారుసైకిలు కోసం ఆగాడు. దాటాడు. స్తంభం పక్కకి వెళ్లి, నడుం మీద చెయ్యి వేసుకుని, వెనక్కి తిరిగాడు.

ఏమీ కనపడలేదు.

సూర్యుడు సరిగ్గా షాపు కప్పు మీదున్నాడు, తిన్నగా కళ్లలో. షాపు, అరుగు, బోర్డు, ముందు నిలబడ్డ మెయిలు, అంతా ఒకే నల్లటి ముద్ద. చెయ్యి అడ్డం పెట్టుకున్నాడు. నెత్తి చుర్రుమంది. ఈ రోడ్డుని పొద్దునపూట లెక్కలేనన్నిసార్లు దాటాడు, పాలకోసమైతేనేం, కాఫీపొడికోసమైతేనేం. కానీ దాటి నిలబడింది లేదు. నిలబడిందల్లా సాయంత్రాలే. తన పనీ, తన శిష్యుల పనీ ఏనాడూ పొద్దున పూర్తయి ఎరగదు.

సెలూన్‌లోంచి కుర్ర ఓనరు, ఆ పాతాయన కొడుకు, దువ్వెన చేత్తో పట్టుకుని తొంగిచూశాడు. "ఏంటి బాబాయ్, ఎండలో నిలబడ్డారు? కళ్లు తిరుగుతాయి, లోపలికి రండి. మా నాన్న చెప్పేవాడు, మీ గురువుగారికి ఈ టైములో ఇటు రావాలంటే హడలట. తలనొప్పి పట్టుకునేదట."

నత్త నడుం మీద చెయ్యి తియ్యలేదు. కళ్లలోంచి నీళ్లు కారుతున్నా, గురువుగారు ఎంతసేపు నిలబడేవారో అంతసేపూ ఆ వెలుగులోకి చూస్తూ నిలబడ్డాడు. అవతల నల్లటి ముద్దలోంచి ఈల వినపడడం లేదు. తర్వాత రోడ్డు దాటి తిరిగొచ్చాడు.

మెయిలు అరుగు మీద కూలబడి ఉన్నాడు. పంచె చెంగుతో మొహం తుడుచుకుంటున్నాడు. నత్త కళ్ల నీళ్లు చూసి అతనికి ఇక ఏడుపు ఆగలేదు. ఇద్దరు ముసలివాళ్లు కొత్త రంగు వాసనలో పక్కపక్కన కూర్చున్నారు. కుక్క వచ్చి వాళ్ల కాళ్ల దగ్గర సర్దుకుంది.

"ఇదే చాలురా నాకు," అన్నాడు మెయిలు చివరికి. "కానీ ఒక్క ముక్క చెప్పు. నువ్వు ఆయన దగ్గర ఆఖరిదాకా ఉన్నావు. ఆ వాద్యాల బోర్డుకి ఏం తక్కువైందిరా? ఎందుకు దాటలేదు ఆయన?"

నత్త దగ్గర ఈ ప్రశ్నకి చాలా జవాబులుండేవి. ఇన్నేళ్లూ శిష్యులకి చెప్పినవే. ఓర్పు గురించి, వినయం గురించి, పనిలో మనసు కరిగిపోవడం గురించి, గురువు మౌనంలోని లోతు గురించి. అన్నీ వరసగా నాలుక దాకా వచ్చి నిలబడ్డాయి. అతను ఎదురుగా సెలూన్ గోడవైపు చూశాడు. సున్నం కొట్టిన గోడ కళ్లు పోయేలా మెరుస్తోంది. స్తంభం నీడ ఆ గోడకి అంటుకుని ఉంది.

"పొద్దున పూట ఆ పక్క ఎండరా," అన్నాడు.